వెంచర్ ఆఫీసులో బడి

పోయిన నెల ముగ్గురు కొత్త పిల్లలు మా ఇంటికి వచ్చారు. కొత్త కాలనీల్లో చదువు కేంద్రాలు పెట్టే పనిలో చేరారట. "మేడమ్, ఇన్నేళ్లు మీరు చేసిన పని ఇది. మాకు నాలుగు మాటలు చెప్పండి" అని ఫోన్లు తీసి రికార్డింగుకు సిద్ధంగా పెట్టుకున్నారు. నేను చాయ్ ఇచ్చి, వేయించిన పల్లీలు పెట్టి, వాళ్ల ఊర్లేవో, అమ్మానాన్నలు ఏం చేస్తారో అడిగి పంపించేశాను. చెప్పాల్సిన సంగతి నోటితో చెబితే మధ్యలోనే ఆపేస్తానని భయం. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు ఇందులో ఉండవు. వాటి గురించి చెప్పుకునేంత గొప్పవేమీ నాకు జరగలేదు కూడా. పని అసలు ఎట్లా ఉంటుందో అదొక్కటే రాస్తాను. ఎక్కువ భాగం నా చివరి కేంద్రం గురించే ఉంటుంది. మిగతావన్నీ కలిపినా నాకు అదొక్కటి నేర్పినంత నేర్పలేదు.

ఇద్దరు ఆఫీసర్లు

సంగారెడ్డిలో వయోజన విద్య ఆఫీసులో చేరినప్పుడు నా మొదటి ఆఫీసరు పొట్టి మనిషి, ముక్కు మీద కోపం. జీపులో పల్లెలన్నీ తిప్పి బడులు చూపించేవారు. నేను దిగగానే లోపలికి పోయి హాజరు పుస్తకం తెరిచేదాన్ని. "ఆ బుక్కు మూసెయ్యమ్మా. బయటికొచ్చి చెప్పులు చూడు" అనేవారు. పుస్తకం నిండా సంతకాలుంటే గుమ్మం ముందు నాలుగు జతలు ఉండేవి. "గివి పంతులువి, గివి పంతులు పెండ్లానివి. మిగిలిన రెండు జతలే మన బడి" అని నవ్వేవారు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదొక్కటే. ఉద్యోగమంతా అదే నాకు పనికొచ్చింది.

తర్వాత వచ్చిన ఒకాయనకు ప్రారంభోత్సవాలంటే ప్రాణం. రిబ్బన్ కత్తిరించేదాకా అది కేంద్రం, ఆ తర్వాత గోదాం. కంప్యూటర్లు వస్తే వాటి ప్లాస్టిక్ కవర్లు తీయనివ్వలేదు. "పిల్లలు ముట్టుకుంటే ఖరాబైతయ్ కదమ్మా" అన్నారు. "ముట్టుకోకపోతే పిల్లలు ఖరాబైతరు సార్" అన్నాను. ఆ మాటకు నన్ను జిల్లా చివరనున్న నారాయణఖేడ్‌కు బదిలీ చేయించారు. అక్కడ జొన్నరొట్టెలు బాగుంటాయి, నాకేం నష్టం కాలేదు.

మీకూ ఇట్లాంటి ఇద్దరు దొరుకుతారు. మొదటాయన లాంటివాళ్లు తిడితే పడండి. రెండో ఆయన లాంటివాళ్లకు నవ్వుతూ నమస్కారం పెట్టి, కవర్లు మీరే తీసేయండి.

జనరల్ షిఫ్ట్ బడి

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిలిచి, కొత్త వెంచర్‌లో చదువు కేంద్రం పెట్టమంటే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

పోతిరెడ్డిపల్లి దాటాక ఉంటుంది ఆ వెంచర్. ఒకప్పుడు పత్తి చేన్లు. ఇప్పుడు ఆర్చి, సిమెంటు రోడ్లు, రెండు మూడంతస్తుల ఇళ్లు. కింద ఓనర్లుంటారు, పైన ఒక్కో గదిలో ఒక్కో కార్మికుడి కుటుంబం కిరాయికుంటుంది. పటాన్‌చెరు, కాజీపల్లి మందుల కంపెనీల బస్సులు ఆర్చి దగ్గర ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటాయి, దింపుతాయి. ప్లాట్లు అమ్మినన్నాళ్లు వెంచర్ వాళ్లు ఆఫీసుగా వాడుకున్న గది ఒకటి ఖాళీగా పడి ఉంది. గోడ మీద వెంచర్ మ్యాపు రంగుల్లో అట్లాగే ఉంది. అందులో పార్కు, ఈత కొలను కూడా గీశారు. బయటికొచ్చి చూస్తే కొలను ఉండాల్సిన చోట బర్రెలు మేస్తున్నాయి. కాలనీ సంఘం ఆ గది తాళంచెవి మాకిచ్చింది.

సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పెద్దలకు చదువు అని బోర్డు రాయించాను. మొదటి వారం గది నిండింది. రెండో వారం సగం మంది మాయం, వాళ్ల బదులు కొత్త మొహాలు. మూడో వారం మళ్లీ పాతవాళ్లు. నేర్పింది మరిచిపోయి వచ్చారు. పాఠం ఒక్క అడుగు ముందుకు కదలడం లేదు. నాకు ఒళ్లు మండింది. "మీకు చదువు మీద శ్రద్ధ లేదు. నేనెందుకు గొంతు చించుకోవాలి?" అని అందరి మీదా అరిచాను.

వెనక వరసలో కూర్చున్న సన్నటి ఆమె లేచింది. "శ్రద్ధ ఉన్నది మేడమ్. ఈ వారం మాది ఫస్ట్ షిఫ్ట్, వచ్చే వారం సెకండ్. మేం తిరుగుతనే ఉంటం. మీ బడే ఎన్నడు మారని జనరల్ షిఫ్ట్‌ల కూసున్నది."

గది గదంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను! ఆమె పేరు పద్మ.

ఆ మర్నాటి నుంచి బడి కూడా షిఫ్ట్ మార్చుకుంది. ఫస్ట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లకు సాయంత్రం, సెకండ్ షిఫ్ట్‌కు పోవాల్సినవాళ్లకు పొద్దున. ఒకే పాఠం రెండు పూటలా. అదే కాలనీలో నస్రీన్ అనే అమ్మాయి ఉండేది. బీఎడ్ చేసి, పెళ్లయి, ఇంట్లో కూర్చున్నది. పొద్దుటి బడి ఆమె తీసుకుంది. సాయంత్రం పెద్దల కంటే ముందు ఒక గంటసేపు పిల్లలు హోంవర్కుకు వచ్చేవాళ్లు. ఓనర్ల పిల్లలు, కిరాయిదార్ల పిల్లలు ఒకే చాప మీద. ఆ కాలనీలో వాళ్లు కలిసి కూర్చునే చోటు అదొక్కటే.

కాబట్టి పిల్లలూ, ఇది రాసిపెట్టుకోండి. ముందు బస్సులు ఏ వేళకొస్తాయో కనుక్కోండి. బోర్డు తర్వాత రాయించుకోవచ్చు.

పద్మ, అంజయ్య

పద్మది హత్నూర దగ్గర పల్లె. ఏడో తరగతి కాగానే పెళ్లి చేశారు. కంపెనీలో కాంట్రాక్టరు కింద ఫ్లోరు కడిగే పని. పొద్దంతా తడి కాళ్లు, ముక్కులు మండే వాసన. పదో తరగతి పాసైతే ప్యాకింగ్‌లోకి తీసుకుంటామని సూపర్‌వైజర్ అన్నాడట. ప్యాకింగ్ అంటే ఫ్యాన్ కింద కూర్చుని చేసే పని. కాంట్రాక్టరు లేకుండా నేరుగా కంపెనీ రోల్స్‌లో పేరుంటుంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టింది. ఒక్కతే కూతురు గురుకులం హాస్టల్లో ఉండి చదువుతోంది. "నా బిడ్డ పదోది రాసేలోపల నేను రాయాలె మేడమ్. లేకుంటే అది నా ఇజ్జత్ తీస్తది" అనేది.

లెక్కలంటే ఆమెకు చలిజ్వరం. భిన్నాలు చెబుతుంటే పైట కొంగు నోట్లో పెట్టుకునేది. అయినా మానలేదు. సెకండ్ షిఫ్ట్ వారాల్లో పొద్దున నస్రీన్ దగ్గర, ఫస్ట్ షిఫ్ట్ వారాల్లో సాయంత్రం నా దగ్గర.

భర్త అంజయ్య వేరే కంపెనీలో డ్రమ్ములు ఎత్తి దించే పని చేసేవాడు. తమాషా మనిషి. ఖాళీ దొరికిన సాయంత్రం బడి మెట్ల మీద వచ్చి కూర్చుని ఆమె కోసం చూసేవాడు. "ఏం టీచరమ్మా, ఒడిసిందా నీ బడి? అన్నం నేనే వండిన, జల్దీ రా, లేకుంటే నేనే తింట" అని బయటి నుంచే కేకేసేవాడు. నాతో, "మేడమ్, ఈమె పాసైతే నాకు ఇంట్ల ఒక సూపర్‌వైజర్ తయారైతది. కంపెనీల ఉన్నోడు సాలడా?" అనేవాడు. లోపలికి వచ్చి నువ్వూ నేర్చుకో అంటే రెండు చేతులూ జోడించేవాడు. "బడి అంటే నాకు చిన్నప్పటిసంది భయం మేడమ్. పంతులు కట్టె ఇంక యాదికున్నది. ఈ గడప నేనెక్క."

వాళ్లు శంకరమ్మ గారి ఇంట్లో పై గదిలో ఉండేవాళ్లు. శంకరమ్మ పెద్దావిడ, మంచి మనిషి. పండుగొస్తే పద్మకు బూరెలు పంపేది, జ్వరమొస్తే కషాయం కాచేది. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత మీరు ఆవిడను తిట్టుకోకుండా.

వాన పడిన పొద్దు

వానాకాలంలో ఒక పొద్దున ఫస్ట్ షిఫ్ట్‌కు పోతూ హైవే దాటుతుంటే అంజయ్యను లారీ కొట్టింది. ఆస్పత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం లేదు.

పోస్టుమార్టం అయి మర్నాడు పొద్దున శవాన్ని ఇచ్చారు. ఊళ్లో వాళ్ల ఇల్లు కూలిపోయి చాలా కాలమైంది. తలకొరివి పెట్టాల్సిన అంజయ్య తమ్ముడు ముంబై దగ్గర భివండిలో మగ్గం పని చేస్తాడు, బయల్దేరాడు, మధ్యాహ్నం దాటితే గానీ చేరడు. హాస్టల్ నుంచి కూతురు రావాలి. అందాకా ఎక్కడుంచాలి? అంబులెన్సు వీధి మొదట్లో వచ్చి ఆగింది. జోరు వాన.

మా దిక్కు కిరాయి ఇంట్లోకి శవాన్ని రానివ్వరు. ఎక్కడా రాసి ఉండదు, ఇల్లు ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు, కానీ ఇద్దరికీ తెలుసు. కిరాయి మనిషి ఆ ఇంట్లో ఎన్నేళ్లయినా బతకొచ్చు. చచ్చిపోయాక మాత్రం గేటు దాటడానికి లేదు. ఓనరు ఇంట్లో శుభకార్యం ఉంటే ఇక అడగనే అడగరు.

శంకరమ్మ గేటుకు అడ్డంగా నిలబడి ఏడుస్తోంది. "బిడ్డా పద్మా, నన్ను తప్పు పట్టకు. మన్మరాలి పెండ్లి పెట్టుకున్నం. నా కొడుకులు వద్దంటున్నరు. నేనేం జేతు తల్లీ!"

పద్మ తడిసిన రోడ్డు అంచున కూర్చుండిపోయింది. ఫ్రీజర్ బాక్స్ తెచ్చినవాడు దానికి కరెంటు కావాలంటున్నాడు. ఏ ఇంటివాళ్లూ వైరు ఇవ్వడం లేదు. చుట్టూ కిటికీల్లోంచి అందరూ చూస్తున్నారు. అంబులెన్సు డ్రైవరు నా దగ్గరికొచ్చి, "జల్దీ చెప్పుండ్రి మేడమ్, నాకింకో కేసున్నది" అన్నాడు.

బడిలో పెడదామన్నాను.

పద్మ అప్పుడు తలెత్తింది. "వద్దు మేడమ్. బడి ఆగమైతది."

"ఏం కాదు, లే."

"మీకెరుక లేదు మేడమ్. పిల్లల్ని తోలరు ఇగ. రోడ్డు మీదనే ఉంచుండ్రి, ఒక్కపూటే కదా."

దుఃఖంలో మాట్లాడుతోందనుకున్నాను. వానలో మనిషిని రోడ్డు మీద ఎట్లా వదిలేస్తాం? ఎవరు తోలరో నేను చూస్తాలే అన్నాను, నస్రీన్‌ను పిలిచి తాళం తీయించాను. చాపలు చుట్టి, బెంచీలు పక్కకు జరిపి, మ్యాపు ఉన్న గోడ కింద బాక్స్ పెట్టించాం. గడప ఎక్కనన్న అంజయ్యను నలుగురు మోసుకొచ్చి పడుకోబెట్టారు. బోర్డు మీద రెండు రోజుల కింద నేను చెప్పిన భిన్నాల లెక్క ఇంకా ఉంది. నస్రీన్ డస్టర్ తీసుకుని, చెరపాలో వద్దో తెలియక చేతిలో పట్టుకుని నిలబడింది. నేనే వద్దులే అన్నాను.

ఆ పూటంతా నస్రీన్ పద్మ పక్కనే కూర్చుంది. హాస్టల్ నుంచి వచ్చిన పిల్ల తండ్రి మొహం చూసి అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. శంకరమ్మ ఫ్లాస్కులో చాయ్ తెచ్చి మెట్ల దాకా వచ్చింది, లోపలికి రాలేదు. మెట్ల మీదే కూర్చుని తమ్ముడొచ్చేదాకా ఏడ్చింది. సాయంత్రం వాన తగ్గాక తీసుకుపోయారు. నేనూ నస్రీనూ ఫినాయిల్ వేసి గదిని కడిగాం. అయిపోయిందనుకున్నాను.

కొత్త తాళం

మర్నాడు గుమ్మం ముందు నస్రీన్ చెప్పులు, నా చెప్పులు. అంతే. ఆ మర్నాడు వెళ్లేసరికి గదికి ఇంకో తాళం వేసి ఉంది.

కాలనీ సంఘం ప్రెసిడెంటు జనార్దన్ గారు బ్యాంకులో పని చేసి రిటైరైన మనిషి. మా కేంద్రానికి రోజూ పేపర్లు పంపేవాడు ఆయనే. ఇంటికెళ్లి అడిగితే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"గుడి పంతులు గారిని అడిగినం మేడం. అంజయ్య పోయిన నక్షత్రం మంచిది కాదట. ఆర్నెల్లు మూసి పెట్టాలన్నరు. మాదేం లేదు."

"ప్రాణం పోయింది మీ గదిలో కాదు కదండీ. ఆస్పత్రికి కూడా తాళం వేశారా మరి?"

"ఆస్పత్రికి గివన్ని ఉండయి మేడం. ఇది పసిపిల్లలు కూసునే జాగ. రేపు ఒక పిల్లకు జరమొచ్చినా మీ మీదికే వస్తరు, నా మీదికే వస్తరు."

నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. చదువుకున్నవాళ్లు మీరే ఇట్లా అంటే ఎట్లా అన్నాను. కోపంలో అనకూడనివి కూడా నాలుగు అన్నాను. ఆయన మళ్లీ చాయ్ తెప్పించాడు తప్ప తాళం తీయలేదు. ఆయనకు ఆ నక్షత్రం మీద నమ్మకం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తలుపు తీసినవాడన్న పేరు మోయడం ఇష్టం లేదని మాత్రం అర్థమైంది. మీరు ఎక్కువగా చూడబోయేది ఈ రకం మనుషుల్నే. చెడ్డవాళ్లు కారు, ముందు నిలబడరు.

నస్రీన్ వాళ్ల డాబా మీద కొన్నాళ్లు నడిపాం. వానకు పుస్తకాలు తడిశాయి. వాళ్ల అత్తగారికి జనం రాకపోకలు నచ్చలేదు. ఒక్కొక్కరే మానేశారు. సంస్థ వాళ్లు గది లేని కేంద్రానికి డబ్బెందుకని చేతులు దులుపుకున్నారు.

దినాలు కాగానే పద్మ పనిలోకి పోయింది. పోకపోతే కాంట్రాక్టరు ఇంకొకరిని పెట్టుకుంటాడు. శంకరమ్మ ఆమెను గది ఖాళీ చేయమనలేదు, కొడుకులతో గొడవపడి మరీ ఉంచుకుంది. పరీక్షలు దగ్గర పడుతున్నాయని నేనే వాళ్ల గదికి పోయేదాన్ని. పుస్తకం తెరిచి కూర్చునేది. నేను చెప్పేది, ఆమె ఊకొట్టేది. కాసేపటికి చూస్తే కళ్లు పేజీ మీద ఉండేవి కావు. ఒకరోజు నేను విసుక్కుంటే మెల్లగా అంది, "బయట ఎవరన్న నన్ను పిలిచినట్టయితది మేడమ్. ఇంతే."

లెక్కల పరీక్ష రోజు సాయంత్రం ఎట్లా రాశావని అడిగాను.

"పోయిన మేడమ్. పరీక్ష సెంటర్ గేటు దాకా పోయిన. మళ్లచ్చిన."



ఆ రోజు శవాన్ని బడిలో పెట్టించడం తప్పా అని నన్ను చాలామంది అడిగారు. సంస్థ వాళ్లు మీటింగు పెట్టి మరీ అడిగారు. తప్పు కాదు. మళ్లీ అదే వాన, అదే రోడ్డు అయితే మళ్లీ అదే తాళం తీస్తాను. మనిషిని పడుకోబెట్టడానికి పనికిరాని గదిలో మనిషికి చదువేం చెబుతాం? కానీ ఆ కాలనీ సంగతి నాకంటే బాగా తెలిసిన మనిషి, ఆ బడి నాకంటే ఎక్కువ అవసరమైన మనిషి, వద్దని రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. ఆమె మేలు కోరే వినలేదు. మన పనిలో జరిగే నష్టం చాలావరకు ఇట్లాగే జరుగుతుంది. దీనికి మందేమిటో నాకు తెలియదు. తెలిస్తే ఇక్కడ రాసేదాన్ని.

మళ్లీ తెరిచిన రోజు

ఆర్నెల్లు కాగానే జనార్దన్ గారే ఫోన్ చేశాడు. సంఘం తరఫున సున్నం వేయించారు, పంతుల్ని పిలిచి శాంతి చేయించారు. గోడ మీది మ్యాపు సున్నం కింద కలిసిపోయింది. "ఇగ మీ ఇష్టం మేడం, నడిపించుకోండి" అని లడ్డూల డబ్బా నా చేతిలో పెట్టాడు.

ఎవరూ రారనుకున్నాను. అందులోనూ పొరపడ్డాను. సాయంత్రం కాకముందే పిల్లలు పరుగెత్తుకొచ్చారు. వాళ్ల వెనక తల్లులు వచ్చారు. ఓనర్ల పిల్లలు, కిరాయిదార్ల పిల్లలు మళ్లీ ఒకే చాప మీద పడి తోసుకుంటున్నారు. శంకరమ్మ తన చిన్న మన్మరాల్ని చేయి పట్టుకుని తెచ్చి దింపి పోయింది. నస్రీన్ లడ్డూలు పంచుతూ, "మేడమ్, సరిపోయెటట్టు లేవు" అని నవ్వింది. గుమ్మం ముందు చెప్పులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. చాలా రోజుల తర్వాత కడుపు నిండినట్టనిపించింది.

ఫస్ట్ షిఫ్ట్ బస్సు వచ్చింది. పద్మ దిగి వచ్చి మెట్ల మీద నిలబడింది. మెడలో కంపెనీ కార్డు, చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా. చిక్కిపోయింది.

"రా పద్మా" అన్నాను. "వచ్చేసారి పరీక్షకు ఇంకా టైముంది. మళ్లీ కడదాం. భిన్నాల దగ్గర ఆపాం, అక్కడి నుంచే మొదలుపెడదాం."

"సూస్త మేడమ్" అంది. గడప దాటలేదు. నా మొహం వైపు చూడటం లేదు. నా భుజం మీదుగా లోపలికి చూస్తోంది. ఏం చూస్తోందా అని తిరిగి చూశాను. తెల్లటి గోడ కింద శంకరమ్మ మన్మరాలు కాళ్లు చాపుకుని, గోడకు ఆనుకుని, ఎక్కాలు చదువుతోంది.

"మేడమ్, ఆ పిల్లను జెర పక్కకు జరిగి కూసోమనుండ్రి."

"ఎందుకు?"

"ఆడ ఆయన తలకాయ ఉండె."

నేను లోపలికి పోయి, పాపను లేపి, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎందుకు లేపానో పాపకు అర్థం కాలేదు, మళ్లీ ఎక్కాలు అందుకుంది. పద్మ ఆ ఖాళీ చోటును కాసేపు చూసి, డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ బడికి రాలేదు.